నీటిపిల్లి కోసం గట్టు వదలాలంటే ఒప్పందం ఎవరితో?

కోరంగి రేవు: తాళ్లరేవు, కాట్రేనికోన మండలాల్లో మడ అడవిని ఆనుకొని ఉన్న చేపల చెరువుల యజమానులతో అటవీశాఖ స్వచ్ఛంద ఒప్పందాలు చేసుకోవాలన్నది నా ప్రతిపాదన. గట్లపై తుంగనూ మడ మొక్కలనూ కొట్టివేయకుండా ఉంచితే చేపలు పట్టి తినే అడవిపిల్లి అయిన నీటిపిల్లికి (ఫిషింగ్ క్యాట్) దాపు దొరుకుతుంది. అందుకు బదులుగా, పిల్లులు పెరిగినా ఆ భూమిపై కొత్త ఆంక్షలు పెట్టబోమని ప్రభుత్వం రాసి ఇవ్వాలి. అమెరికాలోని నార్త్ కరోలినాలో 1995లో ఒక జాతి వడ్రంగిపిట్ట కోసం ఇటువంటి ఒప్పందాలే మొదలుపెట్టారు. 1978లో ఏర్పడిన కోరంగి అభయారణ్యానికి హద్దురాళ్లు ఎక్కడున్నాయో పిల్లికి తెలియదు కదా.

గట్టు కాపలా: అయ్యా, మాకు కొల్లేరు గుర్తుంది. 1999లో అయిదో కాంటూరు (సముద్రమట్టానికి అయిదడుగుల ఎత్తు) వరకు అభయారణ్యమన్నారు, జిరాయితీ భూములు సైతం అందులో చేరిపోయాయి, 2006లో చెరువుల గట్లు తెగ్గొట్టారు. నీటిపిల్లి వన్యప్రాణి చట్టంలో గట్టి రక్షణ ఉన్న మొదటి షెడ్యూలు జంతువు. నా గట్టుపై అది ఈనిందని నేనే కాగితం మీద ఒప్పుకున్నాక, రేపు ఆ గట్టు చెక్కితే కేసు ఎవరి మీద పడుతుంది?

బురదకొంగ: చెరువుల్లో చేపలు తినేది పిల్లి ఒక్కటే కాదు, నీటికుక్క కూడా.

కోరంగి రేవు: కొల్లేరులో జరిగింది ప్రభుత్వ ప్రకటన, నేను చెబుతున్నది ఒప్పందం, రెండింటినీ ఒకే గాటన కట్టకండి. సొంత భూమిని సముదాయ రక్షిత ప్రాంతంగా ఇష్టపూర్వకంగా ఇచ్చే వీలు వన్యప్రాణి చట్టానికి 2002లో చేసిన సవరణతోనే, 36సి సెక్షన్‌లో వచ్చింది.

గట్టు కాపలా: ఆ సెక్షన్‌ను చివరిదాకా చదవండి. ఒకసారి ప్రకటించాక, కమిటీ తీర్మానమూ ప్రభుత్వ ఆమోదమూ లేనిదే భూమి వాడుకను మార్చకూడదని అందులోనే ఉంది. అమెరికా ఒప్పందంలోనైతే యజమాని తన భూమిని మొదట ఉన్న స్థితికి తెచ్చుకోవచ్చు. మీరు అక్కడి హామీని చెప్పి ఇక్కడి చట్టంలో సంతకం పెట్టమంటున్నారు.

బురదకొంగ: అడుగుజాడలో అయిదు వేళ్లుంటే నీటికుక్క, నాలుగుంటే పిల్లి. ముందు అది తేల్చండి.

కోరంగి రేవు: చెరువు సొంతమై ఉండి, రెండు గజాల తుంగ వదలడానికి ఇన్ని సెక్షన్లు వల్లించేవారికి ఏం చెప్పగలం?

గట్టు కాపలా: చెరువు నా సొంతమని ఎక్కడ రాశాను? నేను కౌలుదారుణ్ణి, యజమాని హైదరాబాదులో ఉంటారు. నిరుడు చెరువులో పండుగప్ప చేప చచ్చిపోయి నేను మునిగితే కౌలులో ఒక్క రూపాయి తగ్గించలేదు. మీ ఒప్పందంలో సంతకం ఆయనది, వచ్చే సొమ్ము ఆయనది, పిల్లి తినే చేప మాత్రం నాది. వరి చేలకు 2019 సాగుదారు హక్కుల చట్టం కింద ఇచ్చే సాగుదారు పత్రం పదకొండు నెలలకే చెల్లుతుంది. దానిపై యజమాని సంతకం అడిగినా మా ఊళ్లో చేను వదిలిపొమ్మంటున్నారు. ఇంతకీ మీకు కౌలుకిచ్చిన చెరువులు ఉన్నాయా?

కోరంగి రేవు: రెండున్నాయి. ఈ ప్రతిపాదన రాసేముందు వాటి కౌలుదారులను నేను అడగలేదు, నిజమే. అయినా ఏటేటా మారిపోయే కౌలుదారుతో అయిదేళ్ల ఒప్పందం ఎలా కుదురుతుంది?

గట్టు కాపలా: ఏటేటా మార్చేది మీరేనండి.