పాత్రను చంపమంటున్నారు, ఒప్పుకోవాలా? (వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ రోల్‌ప్లే)

అర్ధరాత్రి వైద్యుడు (ప్రశ్న):

వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ ఆటలో, ఐరోపా రోల్‌ప్లే (పాత్రగా మారి కథలు నటించే) సర్వర్ అయిన ఆర్జెంట్ డాన్‌లో, నేను చాలా ఏళ్లుగా ఒక ముసలి వైద్యురాలి పాత్రను ఆడుతున్నాను. స్టార్మ్‌విండ్ నగరంలో ఆమెకొక చిన్న మందుల కొట్టు ఉంది, నోటి దురుసు గల ఒక శిష్యురాలు ఉంది, ఎవరికీ చెప్పని ఒక పాత అప్పు ఉంది. ఆమె లెవెల్ ఎంత, తొడుక్కున్న దుస్తులు ఏ రైడ్‌లో (పెద్ద జట్టుగా చేసే దాడిలో) దొరికాయి అన్న ప్రశ్నలు మా గిల్డ్‌లో, అంటే మా ఆటగాళ్ల బృందంలో, ఎవరూ వేయరు. ఆటకు అదనంగా జోడించుకునే టోటల్ ఆర్పీ అనే యాడాన్‌లో నేను రాసుకున్న ఆమె వర్ణన, సత్రంలో ఆమె మాట్లాడే తీరు, రోగి చెయ్యి పట్టుకునే ముందు ఆమె కాసేపు తటపటాయించడం, ఇవే ఆమె ఆస్తి.

విజయవాడలో కూర్చుని ఐరోపా సర్వర్‌లో ఆడడమేమిటని అడిగేవారు ఉంటారు. రైడ్‌లో బాస్‌తో, అంటే పెద్ద శత్రువుతో, తలపడేటప్పుడు ఎక్కువ పింగ్ ప్రాణం మీదికి తెస్తుంది గానీ, సత్రంలో బల్ల ముందు కూర్చుని మాటలు టైపు చేసుకునేటప్పుడు ఆ జాప్యం ఎవరికీ తెలియదు. ఇబ్బందల్లా వేళలతోనే: అక్కడ రాత్రి ఎనిమిదికి మొదలయ్యే సన్నివేశం ఇక్కడ వేసవిలో పదకొండున్నరకు, చలికాలంలో పన్నెండున్నరకు మొదలవుతుంది. నా పేరు అలా వచ్చిందే.

ఇక అసలు విషయం. మా గిల్డ్ కొన్ని నెలలుగా నడుపుతున్న కథలో నగరపు రేవు ప్రాంతంలో ఒక అంటురోగం వ్యాపిస్తోంది. కథ నడిపే ఆవిడ మొన్న నాకు విడిగా సందేశం పంపి, వైద్యురాలు ఆ రోగంతోనే చనిపోతే ముగింపు నిలబడుతుందనీ, ఒప్పుకోవడం మానడం పూర్తిగా నా ఇష్టమనీ రాశారు. ఆవిడ అడిగిన తీరులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. కథ లెక్కన చూసినా ఆ సూచన సబబుగానే ఉంది, ఎందుకంటే రోగుల మధ్య పగలూ రాత్రీ తిరిగిన మనిషికి మాత్రం రోగం అంటలేదంటే ఎవరూ నమ్మరు. అయినా నేను జవాబు రాయలేకపోతున్నాను.

ఇదే ఆటలో నా యోధుడు లెక్కలేనన్నిసార్లు చచ్చి, శ్మశానంలో చనిపోయినవారిని లేపే స్పిరిట్ హీలర్ పక్కన లేచి, శవం దాకా పరుగెత్తి మళ్లీ కత్తి పట్టాడు. దాని గురించి నేను ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. ఈ ముసలావిడ ఒక్కసారి పోవడమంటే మాత్రం చెయ్యి ఆడడం లేదు. ఒకే అకౌంట్‌లో ఉన్న రెండు బొమ్మల మధ్య ఇంత తేడా ఎక్కడిది? మీ పాత్రలను చావనిచ్చినవారూ, చావనివ్వనివారూ ఏ లెక్కన నిర్ణయించుకున్నారో చెప్పగలరా? ఒకసారి చనిపోయిందని ప్రకటించాక మళ్లీ తీసుకురావడం ఎంతవరకు న్యాయం?

గుంటూరు గాబ్లిన్:

తేడా ఎక్కడిదన్న ప్రశ్నకు నాకు తోచినది చెబుతాను. ఆటల్లో చావు మొదటినుంచీ ఒక ధర; ఆ ధర ఎంతన్నదే ఆటకూ ఆటకూ మారుతూ వచ్చింది. ఇంగ్లండ్‌లోని ఎసెక్స్ విశ్వవిద్యాలయంలో 1978లో రాయ్ ట్రబ్‌షా మొదలుపెట్టగా రిచర్డ్ బార్టల్ ముందుకు తీసుకెళ్లిన మడ్ అనే ఆటలో బొమ్మలు లేవు, అన్నీ అక్షరాలే. అందులో పోరాటంలో ఓడితే పాత్ర పూర్తిగా చెరిగిపోయే ప్రమాదం ఉండేది. 1997లో వచ్చిన అల్టిమా ఆన్‌లైన్‌లో చనిపోయినవాడు దెయ్యమై తిరిగేవాడు. అతడు ఏమి టైపు చేసినా ఎదుటివారికి ఊ, ఊ అన్న మూలుగులే కనిపించేవి, ఆత్మలతో మాట్లాడే విద్య నేర్చినవారికి తప్ప. 1999 నాటి ఎవర్‌క్వెస్ట్‌లో కూడబెట్టిన అనుభవ పాయింట్లలో కొంత పోయేది, సామాను శవం మీదే ఉండిపోయేది. 2004 నవంబరులో వార్‌క్రాఫ్ట్ వచ్చేసరికి ఆ ధర శవం దాకా ఒక పరుగుకూ కాస్త మరమ్మతు ఖర్చుకూ దిగింది. ఆ చౌకదనం రుచించని ఆటగాళ్లు ఒక్క ప్రాణంతోనే ఆడాలన్న నియమాన్ని తమకు తామే పెట్టుకున్నారు, చివరికి 2023 ఆగస్టులో కంపెనీయే ఆట పాత రూపమైన క్లాసిక్‌లో అధికారికంగా హార్డ్‌కోర్ సర్వర్లు తెరిచింది.

మీ యోధుడి చావుకు ధర కట్టింది ఆట, అదీ అణాకానీ ధర. వైద్యురాలి చావుకు ధర కట్టవలసింది మీరూ మీ గిల్డూ. రోల్‌ప్లేలో మరొకరి పాత్రను వారి ఒప్పుదల లేకుండా ఎవరూ చంపలేరు గనుక, ఆ చావుకు ఉన్న బరువంతా ఇక తిరిగి రాదన్న మాటలోనే ఉంది. కాబట్టి ఏ మూలనైనా ఆమెను వెనక్కి తెచ్చుకుందామన్న ఆలోచన ఉంటే ఇప్పుడే వద్దని చెప్పండి. తీవ్రంగా జబ్బుపడి, చూపు మందగించి, కొట్టు శిష్యురాలికి వదిలిందని రాసుకున్నా అది మంచి కథే. చనిపోయిందని నమ్మి సంతాపం రాసినవారి ఎదుట మూడు నెలలకు సత్రంలో ప్రత్యక్షమైతే, ఆ తరువాత మీ గిల్డ్‌లో ఎవరు చనిపోయినా మిగతావారు కనుబొమ్మ కూడా ఎగరేయరు. పైగా 2020లో వచ్చిన షాడోలాండ్స్ విస్తరణలో కంపెనీ మనల్ని పరలోకానికే తీసుకెళ్లి తిప్పి తెచ్చింది. అసలే పలచబడిన చావును మనం ఇంకా పలచబరచకూడదని నా అభిప్రాయం.

అంటురోగం అన్నారు కాబట్టి ఒక మాట. 2005 సెప్టెంబరులో జుల్‌గురుబ్ రైడ్‌లో హక్కర్ అనే బాస్ వేసే శాపం, ఆటగాళ్ల పెంపుడు జంతువుల ద్వారా బయటపడి నగరాలకు పాకింది. చిన్న లెవెల్ వారు నిలబడినచోటే కూలిపోయారు, చివరికి సర్వర్లను రీసెట్ చేయవలసివచ్చింది. ఆ ఘటన మీద అంటువ్యాధుల నిపుణులు 2007లో ఒక వైద్య పత్రికలో వ్యాసం కూడా రాశారు. నయం చేసే శక్తులున్న కొందరు ఆటగాళ్లు పారిపోకుండా, ఎవరూ అడగకుండానే, రోగుల దగ్గరికి వెళ్లి నిలబడడం వారిని ఆకర్షించిన సంగతుల్లో ఒకటి. రోల్‌ప్లే చేస్తున్నామన్న స్పృహ వారిలో ఎందరికి ఉందో గానీ, మీ వైద్యురాలికి ఆ ఆటలో పూర్వీకులు ఉన్నారు.

పాతబస్తీ పైలట్:

గాబ్లిన్ గారితో నేను సగమే ఏకీభవిస్తాను. నేను ఆడేది నగర నేరాల ఆట అయిన జీటీఏ 5 లో, ఫైవ్ఎం అనే అదనపు సాఫ్ట్‌వేర్ ద్వారా నడిచే రోల్‌ప్లే సర్వర్లలో, అందులోనూ తెలుగులో మాట్లాడుకునే సర్వర్లలో. అక్కడ టైపు చేయడం తక్కువ, మైకులో మాట్లాడడమే ఎక్కువ. మాకు చావులు రెండు రకాలు. మామూలుగా తూటా తగిలి ఆసుపత్రిలో లేస్తే దాన్ని పీకే అంటాము. చావుకు ముందు జరిగిన ఘటనను పాత్ర మరిచిపోవాలి, ఎవరు కాల్చారో తెలిసినా తెలియనట్లే ఉండాలి, వెంటనే వెళ్లి పగ తీర్చుకోకూడదు. పాత్ర శాశ్వతంగా పోవడాన్ని సీకే అంటాము, దానికి సాధారణంగా అడ్మిన్ల అనుమతి కావాలి, తగిన కారణం కథలో కనిపించాలి.

నా అభ్యంతరం ఒప్పుదల గురించి. ప్రతి చావుకూ ఆడేవారి ఇష్టమే ప్రమాణమైతే ఎవరూ చావరు. తలకు తుపాకి ఆనించినా భయపడని దొంగలు, మేడ మీది నుంచి దూకి దులుపుకొని పోయే వ్యాపారులు తయారవుతారు. అందుకే మా సర్వర్లలో ప్రాణభయం నటించి తీరాలన్న నియమం ఉంటుంది. తన పాత్ర పోదన్న ధీమాతో ఆడేవాడితో సన్నివేశం నడపడం ఎంత నీరసమో అనుభవించినవారికే తెలుస్తుంది. మీ కథ నడిపే ఆవిడ అంత మర్యాదగా అడిగారంటే, మీరు ఇన్నాళ్లూ ఆ రోగాన్ని భయంతో ఆడారా లేక అది నన్నేమీ చేయదన్న నమ్మకంతో ఆడారా అన్నది ముందు చూసుకోవాలి. భయంతో ఆడి ఉంటే ఇప్పుడు ఒప్పుకోవడమే ఆ ఆటకు తగిన ముగింపు.

మీరు అడిగిన తేడా గురించి కూడా ఒక మాట. గొంతుతో ఆడే మాకు పాత్ర నుంచి బయటపడడం తేలిక, ఎందుకంటే ఎంత నటించినా అది మన గొంతే, పక్కవాడు నవ్వితే మనమూ నవ్వేస్తాము. మీరు మాత్రం ప్రతి వాక్యాన్నీ ఆలోచించి రాస్తున్నారు. అన్నేళ్లు ఒక మనిషి మాటలను రాసినవారికి ఆమె పోవడం కష్టంగా ఉండడంలో వింతేమీ లేదు.

తెరచాటు:

నేను కంప్యూటర్ మీద కన్నా బల్ల చుట్టూ కూర్చుని పాచికలతో ఆడే డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఎక్కువ ఆడతాను. అంతకన్నా ముందు ఊళ్లో పద్యనాటకాలు చూస్తూ పెరిగాను. చంపాలా వద్దా అన్నదాని మీద పైవారు చెప్పారు. ఎలా చనిపోవాలి అన్నదాని మీద నాకొక సూచన ఉంది.

సంస్కృత నాటక సంప్రదాయంలో మరణాన్ని రంగస్థలం మీద చూపకూడదన్న కట్టుబాటు ఉంది. ఆ వార్త ఎవరో మోసుకొస్తారు, చూసేవారు విన్నవారి ముఖాల్లో దాన్ని చదువుకుంటారు. మన పద్యనాటకాలు ఈ కట్టుబాటును ఎంతగా పట్టించుకున్నాయో గానీ, ప్రాణాలు విడిచిన పాత్రధారి జనం వన్స్‌మోర్ అనగానే లేచి మళ్లీ పద్యం అందుకుని, తృప్తిగా రెండోసారి చనిపోయాడని పెద్దలు చెప్పుకునే కథలు నేనూ విన్నాను. మీ ఆటలో స్పిరిట్ హీలర్ చేసేది అచ్చంగా అదే పని. అందుకే మీ వైద్యురాలి మరణాన్ని అందరి ముందూ, తెర మీద, మంచం చుట్టూ ఇరవైమంది నిలబడి తలొక ఎమోట్ (పాత్ర చేష్టను చెప్పే వాక్యం) టైపు చేస్తుండగా జరిపించవద్దంటాను. ఆ సన్నివేశంలో ఎవరో ఒక ప్రీస్ట్ పాత్రధారి నేను బతికిస్తానని మంత్రం వేస్తాడు, ఇంకొకరు కుండలీకరణాల్లో ఆట బయటి వాదన మొదలుపెడతారు, పావుగంటలో గంభీరత అంతా గాలికి పోతుంది.

దానికి బదులు ఆమె రేవు దగ్గరి రోగుల మధ్యకు వెళ్లిందన్నది చివరిసారి కనిపించిన సన్నివేశంగా ఉంచండి. ఆ తరువాత కొద్ది రోజులు మీరు ఆ పాత్రతో లాగిన్ కావద్దు. వార్తను శిష్యురాలు తెస్తుంది, అదీ అందరినీ ఒకచోట కూర్చోబెట్టి ప్రకటనగా వద్దు, మందు కోసం వచ్చిన ఎవరికో కొట్టు గుమ్మంలో చెబితే చాలు. శిష్యురాలి పాత్రను ఆడేవారు ఎవరో ముందుగా కనుక్కోండి. వారికి ఈ బరువు మోయడం ఇష్టమా కాదా అన్నది మీ ఇష్టం కన్నా ముఖ్యం. చనిపోయే పాత్రను ఆడినవారి పని ఆ రాత్రితో అయిపోతుంది, మిగిలినవారు నెలల తరబడి ఆడాలి.

కొండపల్లి బొమ్మ:

అందరూ చావును చక్కగా ఏర్పాటు చేస్తున్నారు గానీ, నేను వద్దనే చెబుతాను. ఈ లోకాల్లో చావు మనం పిలవకుండానే వస్తుంది. సిటీ ఆఫ్ హీరోస్ అనే ఆన్‌లైన్ ఆట 2012 నవంబరు 30న మూతపడినప్పుడు ఒక్కొక్కరి పాత్ర చరిత్రా ఒక్క రాత్రిలో పోయింది. అభిమానులు నడిపే హోమ్‌కమింగ్ సర్వర్‌కు ఆ ఆట కంపెనీ ఎన్‌సీసాఫ్ట్ అనుమతి ఇచ్చింది 2024 జనవరిలో, అంటే పదకొండేళ్ల తరువాత. మీ స్టార్మ్‌విండ్‌లోనే 2010లో కాటక్లిజమ్ విస్తరణతో పార్క్ పేట మొత్తం నేలమట్టమైంది. అక్కడ ఇళ్లూ కొట్లూ పెట్టుకున్న పాత్రలవారిని ఎవరూ అడగలేదు.

ఇంకొకటి. మీ ఆర్జెంట్ డాన్‌లోనే స్టార్‌లైట్ గిల్డ్‌లో ఇబెలిన్ అనే పాత్రను ఆడిన నార్వే యువకుడు మాట్స్ స్టేన్ సంగతి మీకు తెలిసే ఉంటుంది. డుషేన్ అనే కండరాల క్షీణత వ్యాధితో 2014లో, 25 ఏళ్ల వయసులో మరణించాడు. కొడుకుకు స్నేహితులే లేరనుకున్న తల్లిదండ్రులు అతడి బ్లాగులో మరణవార్త పెట్టాక, ఎక్కడెక్కడి ఆటగాళ్లో సందేశాలు పంపారు, కొందరు అంత్యక్రియలకు వచ్చారు. ఆ కుర్రవాడు ఆటలో చేసింది పోరాటమొక్కటే కాదు, ఇతరుల మాటలు వినడం కూడా. మీ ముసలావిడ కూడా మీ గిల్డ్‌లో అలాంటి పనే చేస్తున్నట్లుంది. సత్రంలో కూర్చుని వినే మనిషిని ఒక కథ ముగింపు బాగుంటుందని తీసేయడం నాకు నచ్చలేదు. కథలు మళ్లీ పుడతాయి, వినేవారు అంత సులువుగా దొరకరు.

అర్ధరాత్రి వైద్యుడు:

అందరికీ కృతజ్ఞతలు. కొండపల్లి బొమ్మ గారి మాట నన్ను బాగా ఆలోచింపజేసింది, అయినా నిర్ణయం అటువైపు మొగ్గలేదు. వినే మనిషిగా ఆమె ఉండడం వల్ల మా గిల్డ్‌లో కొత్తవారు ఆమె దగ్గరికే వస్తున్నారు, మిగతా పాత్రలు ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం తగ్గింది. పైలట్ గారు అడిగిన ప్రశ్నకు జవాబు, ఆ రోగాన్ని నేను భయంతోనే ఆడాను. ఆమె చేతి తొడుగులు తగలబెట్టే సన్నివేశాన్ని అందరూ గుర్తుంచుకున్నారు.

శిష్యురాలి పాత్ర ఆడే పోలండ్ అమ్మాయితో నిన్న రాత్రి మాట్లాడాను. తెరచాటు గారి సూచన ఆమెకు నచ్చింది, ఒక్క మార్పు అడిగింది: కొట్టు తనకు రావడంతో పాటు వైద్యురాలి పాత అప్పు కూడా తన మెడకే చుట్టుకోవాలట. అప్పు ఇచ్చినదెవరో నేనింతవరకు ఎక్కడా రాయలేదు. అది ఆమె ఇష్టానికే వదిలేశాను. కథ నడిపే ఆవిడకు ఒప్పుకున్నానని, తిరిగి తీసుకురానని రాసి పంపాను.

గుంటూరు గాబ్లిన్:

మంచిది. చివరి సన్నివేశానికి లాగిన్ కాగానే మాటలన్నీ ఫైలుగా దాచే చాట్‌లాగ్ కమాండ్ టైపు చేయడం మరవకండి. అది ప్రతిసారీ కొత్తగా వేసుకోవాలి, తనంతట తాను కొనసాగదు. ఆట ఫోల్డర్‌లోని లాగ్స్‌లో టెక్స్ట్ ఫైలు తయారవుతుంది, దాన్ని వెంటనే వేరేచోటికి కాపీ చేసుకోండి. టోటల్ ఆర్పీలో రాసుకున్న ఆమె వర్ణన సర్వర్‌లో ఉండదు, మీ కంప్యూటర్‌లో డబ్ల్యూటీఎఫ్ అనే ఫోల్డర్‌లో ఉంటుంది. ఆట తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేసేటప్పుడు చాలామంది దాన్నే పోగొట్టుకుంటారు.