జపాన్ సహోద్యోగి కూతురు భారతదేశానికి వెళుతోంది: భద్రత గురించి అడిగితే నిజాయితీగా ఏం చెప్పాలి?

నాగోయా నివాసి (ప్రశ్న):

నేను ఏడేళ్లుగా నాగోయా దగ్గర ఉద్యోగం చేస్తున్నాను. మా విభాగంలో నాకంటే ఇరవై ఏళ్లు పెద్దవారైన సహోద్యోగి ఒకరున్నారు. ఆయన కుమార్తె ఈ మార్చిలో విశ్వవిద్యాలయ చదువు ముగించుకొని, ఏప్రిల్ 1న ఉద్యోగంలో చేరేలోపు స్నేహితురాలితో కలిసి ఢిల్లీ, ఆగ్రా, వారణాసి, బోధ్‌గయ చూసి రావాలనుకుంటోంది. ఒకసారి ఉద్యోగంలో చేరాక అంత పెద్ద సెలవు మళ్లీ ఎప్పుడు దొరుకుతుందో తెలియదు కనుక, చదువు పూర్తవుతూనే ఇలా యాత్రకు బయలుదేరడం ఇక్కడి విద్యార్థులకు ఆనవాయితీ.

మొన్న భోజన విరామంలో ఆయన తమ విదేశాంగ మంత్రిత్వ శాఖ వెబ్‌సైటు నుంచి ముద్రించుకున్న భారతదేశ పటాన్ని నా ముందు పరిచారు. దేశమంతా లేత పసుపు, అంచుల్లో నారింజ, కశ్మీర్‌లో పాకిస్తాన్ వైపు నియంత్రణ రేఖ వెంట ఎరుపు. "మీరు ఆ దేశం వారు కదా, దాచకుండా చెప్పండి, పంపవచ్చా?" అని అడిగారు. నేను ఆలోచించకుండా "దైజోబు దేస్" అనేశాను. మన "పర్వాలేదండి"కి అచ్చుగుద్దినట్టు సరిపోయే మాట అది. ఇంటికి వచ్చాక మాత్రం మనసు ఒప్పుకోలేదు. దేశం పరువు కాపాడాలని ఒక తండ్రికి అబద్ధం చెప్పానేమో అనిపిస్తోంది.

ఇంకొక సందేహం కూడా ఉంది. కాఫీ దుకాణంలో బల్ల తమదేనని తెలియడానికి చేతిసంచినో ఫోన్‌నో దానిమీద వదిలేసి, తీరిగ్గా వరుసలో నిలబడే మనుషులు వీళ్లు. అటువంటివారు విదేశం అనగానే పటాలు ముద్రించుకొనేంతగా ఎందుకు భయపడతారు? లేక వారి భయం ఒక వైపు, అసలు ప్రమాదం మరొక వైపు ఉందా? తెలిసినవారు వివరించగలరు.

శ్రీసిటీ దుబాసీ:

నేను శ్రీసిటీలోని ఒక జపాన్ కంపెనీలో అనువాదకుడిని. చెన్నైలో ఉంటూ రోజూ ఫ్యాక్టరీకి వచ్చిపోయే జపాన్ ఉద్యోగుల మధ్య చాలా ఏళ్లుగా ఉన్నాను కనుక, ఆ పటం గురించి నాకు తెలిసింది చెబుతాను.

దానిలో నాలుగు స్థాయిలున్నాయి. మొదటిది తగినంత జాగ్రత్తగా ఉండమంటుంది, రెండోది అవసరం లేని ప్రయాణం మానుకోమంటుంది, మూడోది అసలు వెళ్లవద్దంటుంది, నాలుగోది అక్కడున్నవారిని వెంటనే వచ్చేయమంటుంది. భారతదేశంలో ఎక్కువ భాగం చాలాకాలంగా మొదటి స్థాయిలోనే ఉంది. ఇవన్నీ సలహాలే తప్ప చట్టరీత్యా నిషేధాలు కావు. విదేశాలకు వెళ్లే స్వేచ్ఛను వారి రాజ్యాంగం 22వ అధికరణం ఇచ్చింది. అయినప్పటికీ 2015 ఫిబ్రవరిలో సిరియాకు బయలుదేరబోతున్న ఒక ఫొటోగ్రాఫర్ పాస్‌పోర్టును ప్రభుత్వం వెనక్కి తీసుకుంది, దానిమీద పెద్ద చర్చే జరిగింది.

వారి భయం ఊరికే పుట్టింది కాదు. జపాన్ పౌరులకు విహారం కోసం విదేశాలకు వెళ్లే అనుమతి 1964 ఏప్రిల్‌లో గాని రాలేదు. అదీ మొదట్లో ఏడాదికొక్కసారి, వెంట తీసుకెళ్లే డబ్బు 500 డాలర్లకు మించకూడదన్న షరతుతో. మనకు ఎవరితోనూ శత్రుత్వం లేదు, మనల్ని ఎవరేం చేస్తారన్న ధీమా ఆ తరువాత చాలాకాలం సాగింది. 1997 నవంబరులో ఈజిప్టులోని లక్సర్ వద్ద ఉగ్రవాదులు యాత్రికులపై కాల్పులు జరిపినప్పుడు పది మంది జపనీయులు చనిపోయారు, వారిలో కొత్తగా పెళ్లయిన జంటలున్నాయి. 2013 జనవరిలో అల్జీరియా గ్యాస్ కర్మాగారంలో మరో పది మంది, 2015 మార్చిలో ట్యునీషియాలోని బార్దో మ్యూజియంలో ముగ్గురు, 2016 జులై 1న ఢాకాలోని ఒక రెస్టారెంటులో ఏడుగురు బలయ్యారు. ఢాకాలో పోయినవారు ఆ నగరానికి మెట్రో రైలు వేసే పని మీద వెళ్లినవారు. సాయం చేయడానికి వచ్చినవారిని కూడా వదలరన్న సంగతి ఆ రోజుతో జపాన్‌లో ప్రతి ఇంటికీ తెలిసింది. మా ఫ్యాక్టరీకి వచ్చే పెద్దల్లో ఒకరు ఈనాటికీ రెస్టారెంటులో తలుపు వైపు వీపు పెట్టి కూర్చోరు.

కనుక ఆ పటం యుద్ధం, ఉగ్రవాదం, అల్లర్లు, కిడ్నాపు వంటివాటిని దృష్టిలో పెట్టుకొని గీసినది. ఒక మామూలు యాత్రికురాలికి మామూలు రోజున ఏం జరగవచ్చునో దానినుంచి తెలియదు. మీ సహోద్యోగి ఆ ప్రశ్నను పటాన్ని అడిగారు, అది జవాబు చెప్పలేదు, అందుకే మీ దగ్గరకు వచ్చారు.

పాత టూరు మనిషి:

పైన దుబాసీ గారు చెప్పినది సరైనదే. నేను ఢిల్లీలో పదకొండేళ్లు జపాన్ యాత్రికులను తిప్పిన మనిషిని, ఇప్పుడు మానేసి విజయవాడలో ఉంటున్నాను. నాగోయా మిత్రులు తెలియకుండానే అసలు విషయం మీద వేలు పెట్టారు. అది "దైజోబు" అన్న ఆ మాటే.

మన ఇంటికి వచ్చినవారు కాఫీ వద్దనడానికి "పర్వాలేదండి" అంటారు. కొంచెం తాగుతారా అంటే సరేననడానికీ "పర్వాలేదండి" అనే అంటారు. ఏది వద్దో ఏది సరేనో గొంతునుబట్టి, ముఖాన్నిబట్టి మనం పోల్చుకుంటాం. జపాన్‌లో కూడా అంతే. ఇప్పుడు ఆ అమ్మాయి న్యూఢిల్లీ స్టేషన్ బయట నిలబడి ఉందనుకోండి. ఒకడు వచ్చి విదేశీయుల టికెట్ కౌంటర్ కాలిపోయిందనో, వేరే చోటికి మారిందనో చెప్పి ఆటో ఎక్కమంటాడు. ఆమె చిరునవ్వుతో తల కొంచెం వంచి ఇంగ్లీషులో "ఓకే, ఓకే" అంటుంది. ఆమె ఉద్దేశం "వద్దండి" అని. వాడికి వినబడేది అంగీకారం. (ఆ కౌంటర్ స్టేషన్ మొదటి అంతస్తులో, పహాడ్‌గంజ్ వైపున ఉంది. దానిని కనీసం వందసార్లు నోటితోనే తగలబెట్టారు.)

అక్కడినుంచి కథ ఎటు పోతుందంటే, ప్రభుత్వ పర్యాటక కార్యాలయం అని బోర్డు పెట్టుకున్న ఒక ప్రైవేటు గదికి. అక్కడ ఆమె హోటల్‌కు ఫోన్ చేసినట్టు నటించి, గది రద్దయిందంటారు. ఆగ్రా దారిలో గొడవలు జరుగుతున్నాయంటారు. చివరకు శ్రీనగర్‌లో పడవ ఇంట్లో నాలుగు రోజులంటూ భారీ ధరకు ఒక ప్యాకేజీ అంటగడతారు. జపాన్ రాయబార కార్యాలయం ఈ మోసం గురించి ఏళ్ల తరబడి హెచ్చరిస్తూనే ఉంది. ఇందులోని విచిత్రం చూడండి: పసుపు రంగులో ఉన్న ఢిల్లీలో దిగిన మనిషి, ఎవరో గొడవలున్నాయని చెప్పిన మాట నమ్మి, ముదురు రంగు వేసిన చోటికి తన డబ్బుతో తానే వెళుతుంది.

అన్నిటికంటే జాగ్రత్తగా ఉండవలసింది ధారాళంగా జపనీస్ మాట్లాడుతూ దగ్గరకు వచ్చేవాడి దగ్గర. పరాయి దేశంలో, అలసటలో, సొంత భాష చెవిన పడితే ఎవరికైనా ప్రాణం లేచివస్తుంది. మన తెలుగువాళ్లం విమానాశ్రయాల్లో "మీది ఏ ఊరండి" అని పలకరించుకోవడం లేదా! 2014 చివరలో కోల్‌కతాలో జపనీస్ మాట్లాడే కొందరు గైడ్లమని చెప్పి ఒక యువతిని నమ్మించి, డబ్బు లాగి, ఆపై బోధ్‌గయ దగ్గర బంధించి అత్యాచారం చేసిన కేసు రెండు దేశాల పత్రికల్లోనూ వచ్చింది. బోధ్‌గయ ఆమె యాత్రలో ఉంది కనుక ఈ సంగతి ఆ తండ్రికి తెలియకపోదు, ఒకవేళ తెలియకపోతే మీరే చెప్పాలి.

ఇదంతా మన దేశపు ప్రత్యేకతేమీ కాదు. ఆగ్నేయాసియా నగరాల్లో "నా చెల్లెలు చదువుకోవడానికి జపాన్ వెళుతోంది, మా అమ్మ భయపడుతోంది, ఇంటికి వచ్చి కాస్త ధైర్యం చెప్పండి" అని పిలుచుకుపోయి, పేకాటలో కూర్చోబెట్టి లక్షలు ఊడ్చే ముఠాలున్నాయి. యూరప్‌లో బట్టల మీద సాస్ చిమ్మి, తుడుస్తున్నట్టుగా జేబు కొట్టేవారికి జపనీయులు 'కెచప్ దొంగలు' అని పేరే పెట్టుకున్నారు. ఇస్తాంబుల్‌లో స్నేహంగా ఇచ్చిన పానీయంలో నిద్రమాత్ర ఉంటుంది. ఊర్లు వేరైనా పద్ధతి ఒక్కటే, ఎదుటి మనిషి మర్యాదను పట్టుకొని లాగడం.

కనుక నా సలహా ఒక్కటే. ఆ అమ్మాయికి మ్యాపులు చూపించడం కంటే, నవ్వకుండా, తల వంచకుండా, నడక ఆపకుండా "నహీ చాహియే" అనడం ఇంట్లోనే నలభైసార్లు సాధన చేయించమని చెప్పండి. వినడానికి హాస్యంగా ఉంటుంది, కాని నా పదకొండేళ్లలో జపాన్ యాత్రికులకు అన్నిటికంటే కష్టమైనది అదే అని చూశాను.

తోక్యో విద్యార్థిని:

నేను తోక్యోలో పరిశోధన చేస్తున్నాను. పెద్దవారి మాటకు అడ్డు చెబుతున్నానని అనుకోవద్దు, కాని పై జవాబు చదివితే తప్పంతా ఆ అమ్మాయి మర్యాదలోనే ఉన్నట్టుంది.

మొదట ఒక మాట. జపాన్‌లో ఆడపిల్లలు ఏమీ తెలియకుండా పెరుగుతారన్నది నిజం కాదు. బడికి వెళ్లే పిల్లల సంచికి తాడు లాగితే గట్టిగా మోగే చిన్న అలారం వేలాడుతూ ఉంటుంది. రద్దీ రైళ్లలో మగవాళ్లు తాకే బెడద వల్లనే ఆడవారికి వేరే పెట్టెలు ఇరవై ఏళ్లకు పైగా నడుస్తున్నాయి. సంచిని ఒళ్లో ఎలా పట్టుకోవాలో, గోడవైపు ఎలా నిలబడాలో ఆ అమ్మాయికి ఇప్పటికే తెలుసు. ఆ అలారాన్ని వెంట తీసుకెళ్లమనండి.

రెండోది, ఎవరూ ప్రస్తావించని తేదీ. వారి యాత్రల కాలం, మన హోలీ తరచుగా ఒకే నెలలో పడతాయి. 2023 హోలీకి పహాడ్‌గంజ్‌లో ఒక జపాన్ యువతిని కొందరు పట్టుకొని, రంగులు పూసి, తలమీద గుడ్డు పగలగొట్టిన వీడియో మీలో చాలామంది చూసే ఉంటారు. పోలీసులు ముగ్గురిని పట్టుకున్నారు. ఆమె ఒంటరిగా వెళ్లలేదు, ప్రమాదమని విని స్నేహితులతో కలిసే వెళ్లింది. అంటే చెప్పిన జాగ్రత్త తీసుకుంది. తరువాత ఆ వీడియోకు వచ్చిన స్పందనల వెల్లువకు భయపడి తీసేసింది, పైగా తనకు భారతదేశమంటే ఇష్టమేనని వివరణ కూడా ఇచ్చుకుంది. దెబ్బతిన్న మనిషి చేత మనం సంజాయిషీ ఇప్పించుకున్నట్టు నాకు తోచింది.

జపాన్‌లో కూడా ఈ వైఖరి ఉంది. 1992 అక్టోబరులో అమెరికాలోని బాటన్ రూజ్‌లో, పార్టీ జరిగే ఇల్లనుకొని పొరపాటున వేరే ఇంటి గుమ్మానికి వెళ్లిన పదహారేళ్ల జపాన్ విద్యార్థిని ఇంటాయన కాల్చి చంపాడు. కదలవద్దన్న హెచ్చరిక ఆ పిల్లవాడికి అర్థం కాలేదేమోనని అప్పట్లో దేశమంతా చర్చించుకుంది. అతని తల్లిదండ్రులు తుపాకుల నియంత్రణ కోరుతూ మొదలుపెట్టిన అర్జీ మీద 17 లక్షల మంది జపనీయులు సంతకాలు చేశారు. పన్నెండేళ్ల తరువాత, 2004 ఏప్రిల్‌లో ఇరాక్‌లో బందీలై విడుదలైన ముగ్గురిని అదే దేశం 'జికో సెకినిన్' అంటూ, అంటే నీ పనికి నీదే బాధ్యత అంటూ నిలదీసింది. వారి కుటుంబాలు కెమెరాల ముందు తలవంచి క్షమాపణ చెప్పాయి. పిల్లవాడి పక్షాన నిలిచిన జనం వీరి పక్షాన ఎందుకు నిలవలేదంటే, వద్దన్న చోటికి వెళ్లారు కనుక. ఆ నింద భయంతోనే చాలామంది తమకు జరిగినది ఇంట్లో కూడా చెప్పుకోరు. పటంలో రంగు చూసి పంపే తండ్రి, ఏదైనా జరిగితే ముందు నాకు ఫోన్ చెయ్యి, ఎందుకు వెళ్లావని అడగను అని కూడా చెప్పి పంపాలి.

పాత టూరు మనిషి:

అమ్మా, మీరన్నది ఒప్పుకుంటున్నాను. తప్పు మర్యాదది కాదు, దానిని వాడుకునేవాడిది. స్టేషన్ బయట వాడిని నేను మార్చలేను గనుక వినేవారికి చెబుతూ వచ్చాను, అదే అలవాటైంది. హోలీ మాట నాకు తోచనందుకు సిగ్గుగా ఉంది. ఆ రోజున మా యాత్రికులను మేమే మధ్యాహ్నం దాకా హోటల్ దాటనిచ్చేవాళ్లం కాదు.

శ్రీసిటీ దుబాసీ:

ఆచరణకు పనికివచ్చేవి కొన్ని. జపాన్ విదేశాంగ మంత్రిత్వ శాఖ 2014లో మొదలుపెట్టిన 'తాబి రెజి' అనే ఆన్‌లైన్ సేవలో ప్రయాణ వివరాలు నమోదు చేసుకుంటే, ఆ ప్రాంతంలో ఏదైనా జరిగినప్పుడు రాయబార కార్యాలయం నుంచి జపనీస్‌లో సందేశం వస్తుంది. తండ్రి కూడా తన ఈమెయిల్‌ను చేర్చుకోవచ్చు. మన దేశంలో అత్యవసర నంబరు 112. పర్యాటక మంత్రిత్వ శాఖ వారి 1363 నంబరులో జపనీస్‌లో కూడా జవాబిస్తారు. పాస్‌పోర్టు గాని వస్తువులు గాని పోతే ముందుగా పోలీసుల నుంచి కాగితం తీసుకోవాలి, అది లేకపోతే బీమా రాదు, తిరుగు ప్రయాణ పత్రం ఆలస్యమవుతుంది. పోయిన పర్సు డబ్బుతో సహా తిరిగి చేతికి వచ్చే ఊరి నుంచి వచ్చినవారు ఆ కాగితం దగ్గరే బద్ధకిస్తారు, ఎవరో తెచ్చి ఇస్తారని మూడు రోజులు ఎదురుచూస్తారు.

నాగోయా నివాసి:

అందరికీ కృతజ్ఞతలు. ఈ రోజు ఆయనను మళ్లీ కలిసి, ఆ రోజు నేనన్న "దైజోబు"ను వెనక్కి తీసుకుంటున్నానని చెప్పాను. ఇక్కడ మీరు రాసినవన్నీ, బోధ్‌గయ కేసుతో సహా, దాచకుండా వివరించాను. ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత ఫోన్‌లో కూతురి టికెట్ తీసి చూశారు. ఢిల్లీలో దిగేది సరిగ్గా హోలీకి ముందు రోజు సాయంత్రం. యాత్ర మానిపించడం లేదట, నాలుగు రోజులు ఆలస్యంగా పంపుతారట. వెళ్లబోయే ముందు "నహీ చాహియే" అన్నది నా చేత మూడుసార్లు పలికించుకొని, చిన్న పుస్తకంలో కతకానా అక్షరాలతో రాసుకున్నారు. అయితే ఆ మాట పలికిన ప్రతిసారీ ఆయన తల దానంతటదే కొంచెం వంగింది.