పడవ కప్పు మారిస్తే పాత సర్వే సర్టిఫికెట్ చెల్లుతుందా?

ప్రశ్న – తెడ్డు

నదిలో ప్రయాణికులను తిప్పే ఉక్కు పడవ ఒకటి మా నిర్వహణలో ఉంది. దాన్ని సర్వేయరు పరీక్షించి ఇచ్చిన సర్వే సర్టిఫికెట్ గడువు ఇంకా ముగియలేదు. ఎండకు, వానకు పాడవుతున్న గుడ్డ పందిరిని తీసివేసి, ఇనుప గొట్టాల మీద చెక్క కప్పు వేయాలనీ, వీలైతే ఆ కప్పు మీద కూడా కొన్ని కుర్చీలు అమర్చాలనీ మా భాగస్వాములు పట్టుబడుతున్నారు. పడవ అడుగుభాగాన్ని గానీ ఇంజనును గానీ ముట్టుకోవడం లేదు కనుక ఉన్న సర్టిఫికెట్టే సరిపోతుందని వారి వాదన. నాకు మనసొప్పడం లేదు. మళ్లీ సర్వే తప్పనిసరా? అలాగే, ఎంతమందిని ఎక్కించుకోవచ్చన్నది కుర్చీల లెక్కను బట్టే నిర్ణయిస్తారా? అనుభవజ్ఞులు దయచేసి వివరించగలరు.

జవాబు – చుక్కాని

తెడ్డు గారూ, మీ అనుమానమే సరైనది. సర్వేయరు సంతకం పెట్టేది తాను చూసిన నాటి పడవకు. దాని బరువు, ఆ బరువు ఎంత ఎత్తున కేంద్రీకృతమై ఉంది, గాలి తగిలే పక్కభాగం ఎంత అన్న లెక్కల మీదే ఆ సంతకం నిలబడి ఉంటుంది. కప్పు మారితే ఈ మూడూ మారిపోతాయి. బరువు పైకి చేరేకొద్దీ పడవ గురుత్వ కేంద్రం పైకి జరుగుతుంది, ఒక పక్కకు ఒరిగినప్పుడు తిరిగి నిలదొక్కుకునే శక్తి తగ్గుతుంది. గాలికి వంగే గుడ్డకు బదులు గట్టి పలక నిలబెడితే పక్కగాలి తోపు కూడా పెరుగుతుంది. ఇక కప్పు మీద మనుషులు కూర్చోవడమంటే, పడవలో అత్యధికంగా కదిలే బరువును తీసుకెళ్లి అన్నిటికన్నా ఎత్తున పెట్టడమే.

మీ భాగస్వాములకు ఈథన్ అలెన్ పడవ సంగతి చెప్పండి. 2005 అక్టోబరు 2న అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో, లేక్ జార్జ్ అనే సరస్సులో ఆ విహార పడవ బోల్తాపడి 20 మంది మరణించారు. అందులో సారథితో కలిపి 48 మంది ఉన్నారు. దర్యాప్తు జరిపిన జాతీయ రవాణా భద్రతా బోర్డు స్థిరత్వాన్ని తిరిగి లెక్కగట్టి, ఆ పడవలో 14 మందిని మాత్రమే అనుమతించి ఉండవలసిందని తేల్చింది. మొదట ఉన్న గుడ్డ పందిరి స్థానంలో చెక్క కప్పు వచ్చింది. ఆ మార్పు తర్వాత స్థిరత్వాన్ని మళ్లీ పరీక్షించలేదు, అలా పరీక్షించాలని చెప్పే స్పష్టమైన నిబంధన కూడా అప్పట్లో లేదని బోర్డు తన నివేదికలో పేర్కొంది. మీరు చేయదలచినది సరిగ్గా అదే మార్పు కనుక ఇంత వివరంగా రాస్తున్నాను.

జవాబు – లంగరు

చుక్కాని గారు చెప్పినదానికి విధానపరమైన విషయాలు జోడిస్తాను. పని మొదలుపెట్టక ముందే మార్పుల డ్రాయింగులతో సర్వే అధికారిని సంప్రదించండి. కప్పు వేసేశాక వెళ్తే, దాన్ని విప్పించే పరిస్థితి కూడా రావచ్చు. సాధారణంగా ఇంక్లైనింగ్ పరీక్ష, అంటే పడవను కొద్దిగా ఒరగజేసి చూసే పరీక్ష, అడుగుతారు. నిశ్చలమైన నీటిలో పడవను వదులు తాళ్లతో ఉంచి, బరువు తెలిసిన ఇనుప దిమ్మలను డెక్కు మీద ఒక పక్క నుంచి మరో పక్కకు కొలిచిన దూరం జరుపుతారు. లోపల వేలాడదీసిన గుండుదారం స్కేలు మీద ఎంత జరిగిందో చూసి, గురుత్వ కేంద్రం ఎత్తును గణిస్తారు. ఆ రోజు ట్యాంకులు పూర్తిగా నిండి గానీ పూర్తిగా ఖాళీగా గానీ ఉండాలి, అడుగున నీరు నిలిచి ఉండకూడదు. సగం నిండిన ట్యాంకులోని ద్రవం పడవ ఒరిగిన వైపే పారి కొలతను పాడుచేస్తుంది. నడిచే పడవకు కూడా అది ప్రమాదకరమే.

ప్రయాణికుల సంఖ్యకు కుర్చీలు ఒక హద్దు మాత్రమే. అందరూ ఒకే పక్కకు చేరినా పడవ తట్టుకోగలదా, నిండు బరువుతో నీటి మట్టానికి పైన ఎంత అంచు మిగులుతుంది, బయటపడే దారులు, ప్రాణరక్షణ సామగ్రి ఎందరికి సరిపోతాయి అన్న లెక్కలన్నీ వేసి, వాటిలో అతి తక్కువ సంఖ్యను ఖాయం చేస్తారు. ఒక్కో మనిషి బరువు ఎంతని అనుకున్నారన్నది కూడా ముఖ్యమే. అమెరికా కోస్ట్ గార్డ్ ఈ అంచనాను 2011లో 160 పౌండ్ల నుంచి 185 పౌండ్లకు, అంటే సుమారు 73 కిలోల నుంచి 84 కిలోలకు పెంచింది. మీ సర్టిఫికెట్ పాతదైతే అందులో ఏ బరువు తీసుకున్నారో తప్పక అడగండి.

ప్రశ్నకర్త – తెడ్డు

ఇద్దరికీ కృతజ్ఞతలు. కప్పు మీద కుర్చీల ఆలోచన మానుకోమని ఈ రోజే చెబుతాను. ఇంకొక్క సందేహం. ఇదే పడవను నది ముఖద్వారం దగ్గరి వెడల్పాటి నీటిలో కూడా నడపాలని ఉంది. దానికి వేరే అనుమతి కావాలా?

జవాబు – లంగరు

సర్టిఫికెట్‌లో ఏ జలాలకు అని రాసి ఉందో చూడండి. ఉదాహరణకు, యూరోపియన్ యూనియన్ 2016 నాటి ఆదేశంలో అలల ఎత్తును బట్టి మండలాలు ఉన్నాయి. మొదటి మండలంలో 2 మీటర్ల వరకు, రెండో దానిలో 1.2, మూడో దానిలో 0.6 మీటర్ల వరకు అలలను లెక్కలోకి తీసుకుంటారు. ప్రశాంతమైన నీటికి సరిపోయే అంచు ఎత్తు, కిటికీల మూతలు పెద్ద అలలకు సరిపోవు కనుక, పెద్ద అలల మండలానికి వెళ్లాలంటే అక్కడి ప్రమాణాల ప్రకారం మళ్లీ తనిఖీ చేయించాలి. కొత్తగా కట్టిన సరుకు నౌకలకు అక్కడ గరిష్ఠంగా 10 ఏళ్ల గడువుతో సర్టిఫికెట్ ఇస్తారు, ప్రయాణికుల నౌకలకు మాత్రం 5 ఏళ్లే.

జవాబు – సరంగు

కాగితం ఎంత సక్రమంగా ఉన్నా, దాని షరతులు రేవు దగ్గర ప్రతిరోజూ అమలు కావాలి. 2011 జులై 10న రష్యాలో, వోల్గా నది మీది కూయిబిషేవ్ జలాశయంలో బల్గారియా అనే నౌక మునిగి 122 మంది చనిపోయారు. అది అప్పటికే ఒక పక్కకు ఒరిగి ఉంది, గాలివానలో మలుపు తిరుగుతుండగా తెరిచి ఉన్న కిటికీల గుండా నీరు లోపలికి చొరబడింది. నీరు చొరబడని అడ్డుగోడలనూ మూతలనూ సర్వేయరు చూసి వెళ్తారు, కానీ వాటిని మూసి ఉంచవలసింది సిబ్బందే.

కొత్త సర్వేకు సిద్ధమయ్యేటప్పుడు పడవను ఒడ్డుకెక్కించి, ఇంజను కింద, నీరు నిలిచే మూలల్లో రేకు మందాన్ని అల్ట్రాసానిక్ మీటరుతో ముందుగానే కొలిపించండి. తుప్పు రంగు కింద దాగి ఉంటుంది, కంటికి ఆనదు. లైఫ్ జాకెట్లను బీరువాలో పెట్టి తాళం వేయకుండా, పిల్లల సైజులతో సహా చేతికి అందేలా ఉంచండి. సర్వేయరు వచ్చినప్పుడు పడవ అడుగున చేరిన నీటిని తోడే బిల్జ్ పంపును నడిపి చూపించేది రోజూ దాన్ని నడిపే మనిషే అయితే మంచిది. కప్పు పని పూర్తయ్యాక కొత్త సర్టిఫికెట్ చేతికి వచ్చేదాకా ఒక్క ప్రయాణికుణ్ణి కూడా ఎక్కించకండి.