‘వ్యసన విముక్తి’ బోర్డు మీద ఒక పేచీ

‘సబ్‌స్టెన్స్ యూజ్ డిజార్డర్’కి తెలుగేమిటండీ? మత్తు మాన్పించే కేంద్రాల లైసెన్సులు, తనిఖీల మీద పంజాబ్ 2011లో తెచ్చిన నిబంధనల పేరులోనే ఈ మాట ఉంది. ‘పదార్థ వినియోగ రుగ్మత’ అని రాసుకున్నాను. మా ఆవిడ చదివి, "ఏంటిది, రేషన్ షాపు సంగతా?" అంది.

మన గోడల మీదేమో ‘మందు మాన్పించబడును’, ఆఫీసు తెలుగులో ‘వ్యసన విముక్తి కేంద్రం’. నా పేచీ ఈ రెండోదానితోనే. వ్యసనం అనగానే సప్తవ్యసనాలు, అంటే జూదం, వేట, పానం వరసలో రాజుకి ఉండకూడని చెడ్డగుణాల పట్టీ గుర్తొస్తుంది, గుణం చెడ్డవాణ్ణి గదిలో పెట్టి తాళం వేసి నాలుగు తగిలిస్తే దారికొస్తాడనుకుంటారు తప్ప అక్కడికి డాక్టరు రావాలనీ, అధికారి వచ్చి చూడాలనీ ఎవరికి తడుతుంది? 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టమైతే మద్యం, మత్తుమందుల వల్ల వచ్చే మానసిక స్థితుల్ని కూడా మానసిక అనారోగ్యంలోనే లెక్కేసింది. అలాంటివాళ్లని చేర్చుకుని వైద్యం చేసే చోటు రాష్ట్ర మానసిక ఆరోగ్య అథారిటీ దగ్గర నమోదు కావాలి. గొలుసులు వేయకూడదు, బలవంతంగా గుండు గీయకూడదు. గుండు సంగతి నేను కల్పించింది కాదు, చట్టంలోనే ఉంది.

జవాబు: వ్యసనం మీద అంత కోపమెందుకు మాస్టారూ? మా నాయనమ్మ "పోయినదానికి వ్యసనపడకే" అనేది, బాధపడకు అని. సంస్కృతంలోనూ ఆపద అనే అర్థముంది. మాట మంచిదే, మనమే పాడుచేశాం.

జవాబు: నేను ఓపీలో కౌన్సెలింగ్ చేస్తాను. మా దగ్గర వ్యసనం అనేవాళ్లే లేరండీ, "మందు అలవాటుంది మేడమ్" అంటారు. మాత్ర రాసిస్తే "మందు మానడానికి మళ్లీ మందా?" అని నవ్వుతారు. నాకు మాత్రం ‘విముక్తి’తోనే తంటా. నెల రోజులుండి ఇంటికెళ్లినవాడు పండక్కి మళ్లీ తాగితే, "విముక్తి అన్నారుగా, డబ్బు వాపసివ్వండి" అని వాళ్ల బావమరిది గొడవకొస్తాడు. బీపీ విముక్తి కేంద్రం అని ఎవరైనా పెడతారా?

నాయనమ్మగారి వ్యసనం బాగుందండీ, కానీ బోర్డు చదివేవాడికి అది తట్టదు. మేడమ్ చెప్పాక విముక్తి కొట్టేసి ‘మత్తు జబ్బు చికిత్సా కేంద్రం’ అని రాశాను. మా ఆవిడకి మళ్లీ చూపిస్తే ఈసారి, "దీనికి ఆరోగ్యశ్రీ వర్తిస్తుందా?" అంది.