ఇంటి నుంచి పని కదా అని ఫ్రెషర్‌కి జీతం తగ్గించొచ్చా?

తణుకు కుర్రాడు:
మొన్న శుక్రవారం ఆఫర్ లెటర్ వచ్చింది. మొదటి ఉద్యోగం, సాఫ్ట్‌వేర్ టెస్టింగ్, పూర్తిగా ఇంటి నుంచే. ఏడాదికి ప్యాకేజీ 3 లక్షలు అన్నారు. విడదీసి చూస్తే అందులో 30,000 వేరియబుల్ (పనితీరును బట్టి ఇచ్చేది), 21,600 కంపెనీ కట్టే పీఎఫ్, 7,200 గ్రాట్యుటీ (ఉద్యోగం వదిలేటప్పుడు ఇచ్చేది). నా వాటా పీఎఫ్ 1,800, వృత్తి పన్ను 200 పోగా నెలకి చేతికొచ్చేది 18,100. ఆఫీసుకొచ్చే ఫ్రెషర్లకి మాత్రం 3.6 లక్షలట. ఎందుకీ తేడా అని హెచ్‌ఆర్ మేడమ్‌ని అడిగితే "మీకు హాస్టల్ ఖర్చు లేదు కదా" అన్నారు. రెండేళ్ల బాండ్, మధ్యలో మానేస్తే లక్షన్నర కట్టాలి. చేరాలా వద్దా?

కూకట్‌పల్లి అన్న:
చేరిపో తమ్ముడూ. 2019లో నాకు చేతికి 19 వేలు వచ్చేవి. హాస్టల్‌కి 6,500, బస్ పాస్, టిఫిన్లు... 25వ తారీఖుకల్లా ఇంటికి ఫోన్ చేసి డబ్బులడిగేవాణ్ణి. నీ 18 వేలు నీ దగ్గరే ఉంటాయి. ఖాళీగా కూర్చుంటే గ్యాప్ పెరుగుతుంది, ఇంటర్వ్యూలో దాని గురించే తవ్వుతారు.

టీమ్ లీడ్ అక్క:
నేను ఒప్పుకోను. అమ్మ వండిపెడుతోందంటే అది మీ ఇంటి కష్టం, కంపెనీ ఇచ్చే సౌకర్యం కాదు. దాన్ని లెక్కేసి జీతం కోయడమేంటి? సీటు, ఏసీ, కరెంటు ఖర్చు మిగిలింది వాళ్లకి. ఇన్వర్టర్ బ్యాటరీ, నెట్ బిల్లు మీ నెత్తిన. పైగా రేపు కంపెనీ మారితే ఇప్పుడెంత అని అడిగి, దాని మీదే హైక్ శాతం వేస్తారు.

జీతం కంటే నాకు టెన్షన్ పెట్టేది ఇంకోటి. నా టీమ్‌లో ఇంటి నుంచి చేరిన ఓ అబ్బాయి డేటాబేస్ యాక్సెస్ రాక రెండు రోజులు ఊరికే కూర్చున్నాడు. చాట్‌లో "హాయ్ మేడమ్" అని పెట్టి ఎదురుచూస్తున్నాడు, నేనేమో మీటింగుల్లో పడి చూసుకోలేదు. ఆఫీసులో అయితే మొహం చూసి అడిగేదాన్ని. అప్పట్నుంచి కొత్తవాళ్లతో రోజూ పొద్దున అరగంట కాల్ పెట్టుకుంటున్నాను. మీకు పని నేర్పేది ఎవరో పేరుతో సహా చెప్పమనండి. చెప్పలేకపోతే 3.6 ఇచ్చినా నేనైతే వద్దంటాను.

బెజవాడ లాయర్:
బాండ్ సంగతి ఎవరూ ఎత్తలేదు. బాండ్లు అసలు చెల్లవని చాలామంది అంటుంటారు, అది పూర్తి నిజం కాదు. మూడేళ్లలోపు మానేస్తే 2 లక్షలు కట్టాలన్న షరతును 2025 మేలో విజయా బ్యాంక్ కేసులో సుప్రీంకోర్టు సమర్థించింది. అయితే అది ప్రభుత్వ రంగ బ్యాంకు కేసు. మళ్లీ నియామకం జరపడానికయ్యే ఖర్చును కోర్టు లెక్కలోకి తీసుకుంది. కాంట్రాక్టు చట్టం సెక్షన్ 74 ప్రకారం వచ్చేది సమంజసమైన పరిహారమే, కాగితం మీది అంకె దానికి పైహద్దు. శిక్షణేమీ ఇవ్వకుండా లక్షన్నర అడిగితే నిలబడటం కష్టం. ఒరిజినల్ సర్టిఫికెట్లు మాత్రం వాళ్ల చేతికివ్వకండి.

కూకట్‌పల్లి అన్న:
బాండ్ మాట నేను గమనించలేదు, అది తగ్గించమని గట్టిగా అడుగు. జీతం విషయంలో నా మాట నాదే. మా బ్యాచ్‌లో మంచి ప్యాకేజీ కోసం ఆగినవాళ్లలో ఇద్దరు ఐటీయే వదిలేశారు.

తణుకు కుర్రాడు:
నిన్న మెయిల్ పెట్టాను. జీతం మారదన్నారు. నెట్‌కి నెలకి 800 ఇస్తారట, బాండ్ ఏడాదికి తగ్గించారు. నేర్పేది ఎవరన్న ప్రశ్నకి మాత్రం జవాబు రాలేదు అక్కా. సోమవారం ఫోన్ చేసి మళ్లీ అడుగుతాను. పేరు చెప్తేనే చేరతాను.