లోహాల మాయ రాసేవాళ్లకు లోహశాస్త్రం తెలియాలా? (కావలి_కలం సీరియల్ మీద చర్చ)

పెన్నా_గట్టు:
మన కావలి_కలం అక్క సీరియల్ చదవని వాళ్ల కోసం ముందు కథ చెప్తా. పెన్నా ఒడ్డున పూర్వం ఒక రాజ్యం. ఏడు లోహాలు, ఏడు శక్తులు. రాజవంశం రక్తం ఉన్నవాళ్లు ముట్టుకుంటే ఆ లోహం శక్తి వాళ్లకొస్తుంది. ఇనుముతో బలం, రాగితో ఎదుటివాడి మనసు తెలియడం, జింకుతో మాయమైపోవడం, ఇట్టా. నాలుగో భాగంలో రాజకుమారి అడవిలో దొరికిన జింకు రాయిని ఊరి కొలిమిలో వేయించి, కరిగిన జింకును కత్తి మీద పోయించుకుని మాయమవుతుంది. నాకు బాగా నచ్చింది. కింద తిత్తి_మనిషి అన్న మాత్రం "ఇది జరగని పని" అని ఒక్క ముక్క రాసి వెళ్లిపోయాడు. మాయ కథలో జరగని పని ఏందన్నా? లోహాలతో మాయ రాసేవాళ్లు అసలు లోహాల గురించి ఎంతవరకు పట్టించుకోవాలి?

తిత్తి_మనిషి:
సరే, వివరంగానే రాస్తా. రాజకుమారి మాయమైతే నాకేం ఇబ్బంది లేదు. ఊరి కొలిమిలోంచి కరిగిన జింకు రావడమే నా ఇబ్బంది. ఇనుప రాయినో రాగి రాయినో బొగ్గుతో కాలిస్తే లోహం కింద మిగులుతుంది. జింకు అట్టా కాదు. రాయిలోంచి అది విడిపోవాలంటే దాదాపు వెయ్యి డిగ్రీల వేడి కావాలి, జింకేమో 907 డిగ్రీలకే మరుగుతుంది. అంటే పుట్టడమే ఆవిరిగా పుడుతుంది, గాలి తగలగానే మండి తెల్లటి పొడి అయిపోతుంది, కొలిమిలో చూస్తే ఏమీ ఉండదు. రాజస్థాన్‌లో జావర్ దగ్గర దీన్ని ఎట్టా సాధించారంటే, వంకాయ ఆకారంలో మట్టి మూసలు చేసి, రాయీ బొగ్గూ కలిపి దట్టించి, మూతి కిందికి పెట్టి తలకిందులుగా నిలబెట్టి కాల్చారు. ఆవిరి గొట్టంలోంచి కిందికి దిగి చల్లటి చోట లోహంగా పేరుకుంది. ఇంగ్లండులో విలియం చాంపియన్ జింకు తీసే పద్ధతికి పేటెంటు పుచ్చుకున్నది 1738లో. జావర్ వాళ్లు అంతకు వందల ఏళ్ల ముందే ఆ పని చేశారు. ఇంత గొప్ప సంగతి మన దేశంలోనే ఉంటే దాన్ని వదిలేసి, గరిటెతో పులుసు పోసినట్టు జింకు పోయించింది అక్క.

రంగనాయకులపేట:
మాయమయ్యే లోహం కదన్నా. రాయిలోంచే మాయమవుతోంది. అక్క కరెక్టే రాసింది.

కావలి_కలం:
అందరికీ నమస్తే. జింకు మరుగుతుందని నాకు తెలుసు తమ్ముడూ. కథలో ఆ కొలిమి సీను పది వాక్యాలు. తలకిందుల మూసలు పేర్చి, గొట్టాలు బిగించి, చల్లారేదాకా కూర్చుంటే వెనక తరుముకొస్తున్న సైన్యం పిల్లను పట్టుకుపోతుంది. రక్తం తగిలితే లోహం పలికే లోకంలో జింకు మాత్రం 907 దగ్గరే మరగాలని ఎవరు రూలు పెట్టారు? పరుసవేది తగిలి ఇనుము బంగారమయ్యే కథలు మనమంతా విన్నాం, అప్పుడెవరూ లెక్కలు అడగలేదు.

గూడూరు_మాస్టారు:
రిటైరయిన సైన్స్ టీచరుగా నా మాట కూడా వినండి. మాయ కథకు మూలం నమ్మకం, శాస్త్రం కాదు. బాలింత తల దగ్గర ఇనుప ముక్క పెడతారు. రాత్రిపూట మాంసం కూర పట్టుకెళ్తుంటే గిన్నెలో మేకు వేస్తారు. బంగారం నడుము కిందికి పెట్టుకోరు. శని పోవాలని గుర్రపు నాడా గుమ్మానికి కొడతారు. ఏ లోహానికి ఏ శక్తి ఇవ్వాలో మన ఇళ్లలోనే ఉంది, మరిగే వేడి దాకా పోనక్కర్లేదు. ఇకపోతే మూడో భాగంలో సేనాపతి అల్యూమినియం కవచం తొడిగాడు. 1825కు ముందు ఆ లోహాన్ని విడిగా తీసినవాడు లేడు. 1886లో కరెంటుతో తీసే పద్ధతి కనిపెట్టాకే అది చవకయింది. ఇది మాత్రం క్షమించరాని తప్పు.

కావలి_కలం:
మాస్టారూ, అల్యూమినియం అని నేనెక్కడా రాయలేదు. "ఈకలా తేలికైన తెల్లటి లోహం" అని రాశాను.

గూడూరు_మాస్టారు:
తెల్లగా తేలిగ్గా ఉండేది అల్యూమినియమే అమ్మా.

చీమకుర్తి_నల్లరాయి:
మెగ్నీషియం ఏం పాపం చేసింది మాస్టారూ.

నవాబుపేట_వెల్డర్:
జింకు గురించి నాకంటే ఎక్కువ తెలిసినోళ్లు ఈడ ఎవరూ లేరు. జిఐ పైపు మీద జింకు పూత ఉంటుంది. గాలి ఆడని షెడ్డులో ఆ పైపులు రోజంతా వెల్డింగ్ చేసి చూడండి. తెల్లటి పొగ ముక్కుల్లోకి పోతుంది, నోరంతా తియ్యటి చేదు, రాత్రికి చలిజ్వరం, ఒళ్లు కుదిపేస్తుంది, తెల్లారేసరికి మళ్లీ మామూలే. మా మేస్త్రీ పాలు తాగమంటాడు, పాలతో తగ్గేది నేనైతే చూడలా. మాస్కు అడిగితే ఆ కాంట్రాక్టరు "నీకొక్కడికే వచ్చిందా జ్వరం" అన్నాడు. జింకుతో మాయమయ్యే రాజకుమారికి రాత్రికి జ్వరమన్నా రావాలి కదక్కా. ఊరికే ఎట్టా వస్తుంది శక్తి.

పెన్నా_గట్టు:
ఇది భలే ఉంది అబ్బయ్యా.

జరీ_అంచు:
మాది వెంకటగిరి. రాగి మనసు చదువుతుందని రాశారు, మా విషయంలో రాగి మోసమే చేసింది. అసలు జరీ అంటే పట్టు దారానికి వెండి తీగ చుట్టి పైన బంగారు పూత వేస్తారు. మేము వెండి జరీ అని డబ్బు కట్టి తెచ్చిన రీళ్లలో లోపలంతా రాగే. ఆకురాయితో గీసి చూస్తే ఎర్రగా బయటపడింది. అప్పటికే చీర మగ్గం మీద సగం నడిచింది. అమ్మినాయన పేరు చెప్పను, ఇప్పటికీ ఆయన దగ్గరే కొనాలి మేము.

షార్_పక్కోడు:
జరీ గొడవ తర్వాత మాట్లాడుకుందాం. శ్రీహరికోటలో పైకి పోయే పీఎస్‌ఎల్‌వీ మొదటి దశ మోటారు తొడుగు మారేజింగ్ స్టీలు. మామూలు ఉక్కుకు బలం కార్బన్ వల్ల వస్తుంది, ఇందులో కార్బన్ ఉండకూడదు, దాదాపు సున్నా. 18 శాతం దాకా నికెలు, దాంతో కోబాల్టు, మాలిబ్డినం, కాస్త టైటానియం. మెత్తగా ఉండగానే మలిచి, ఆ తర్వాత 480 డిగ్రీల దగ్గర గంటల తరబడి ఊరికే వేడిలో ఉంచుతారు. సుత్తి దెబ్బ లేదు, నీళ్లలో ముంచడం లేదు. లోపల కంటికి కనపడని రేణువులు పుట్టి బలం వస్తుంది. మంత్రం వేసి వదిలేసినట్టే ఉంటుంది. లోహశాస్త్రం తెలిస్తే మాయ పోతుందనేవాళ్లు ఇది చూడండి.

తిత్తి_మనిషి:
నేను చెప్పేది అదే. అక్క ఏడు లోహాలకు ఏడు శక్తులు పంచిపెట్టింది గానీ లోహాలన్నీ ఒకేలా నడుచుకుంటాయి. ఏదైనా ముట్టుకుంటే చాలు. అసలు లోహాల్లో ఉన్న తిరకాసు చూడండి. ఎర్రగా కాలిన ఉక్కును నీళ్లలో ముంచితే గట్టిపడుతుంది. సుత్తి దెబ్బలకు బిగుసుకున్న రాగిని ఎర్రగా కాల్చి అవే నీళ్లలో ముంచితే మెత్తగా ఉంటుంది. గంటలు పోసే కంచు, అంటే నూటికి ఇరవై రెండు పాళ్లు తగరం ఉన్నది, మెల్లగా చల్లారితే పెళుసై పగులుతుంది, కాల్చి నీళ్లలో ముంచితేనే సుత్తికి లొంగుతుంది. అవే నీళ్లు, ఒక్కోదాని మీద ఒక్కో ఫలితం. రాజకుమారి ఇనుప శక్తితో వానలో తడిస్తే బిగుసుకుపోతుంది, రాగి శక్తితో తడిస్తే మెత్తబడుతుంది అని రాస్తే ఎంత కథ పుడుతుంది? ఇత్తడి సంగతి ఇంకా విచిత్రం. జింకును విడిగా తీయడం రాకముందే ఇత్తడి చేశారు. రాగి ముక్కలూ జింకు రాయీ బొగ్గూ ఒకే మూసలో పెట్టి మూత వేస్తే, పుట్టిన ఆవిరి బయటికి పోయే దారి లేక రాగిలోకే ఇంకింది. తల్లిని ఎవరూ చూడకముందే బిడ్డ ఊళ్లో తిరుగుతోందన్నమాట.

కావలి_కలం:
బాగుంది, నువ్వే రాసుకో ఆ కథ. నేను వేరే కథ రాస్తున్నాను. నాలుగు భాగాలు రాస్తే ఒక్కరూ ఆ అమ్మాయి తండ్రిని ఎందుకు వదిలేసి వచ్చిందో అడగలేదు. జింకు, జింకు, జింకు. నా డిగ్రీలో ఒక లెక్చరర్ ఉండేవాడు. ఆడపిల్ల నోరు తెరిస్తే చాలు, క్లాసులో నిలబెట్టి ఒక అంకె అడిగేవాడు. సాంద్రత ఎంత, ద్రవీభవన స్థానం ఎంత. చెప్పలేకపోతే "కూర్చోమ్మా, కవితలు రాసుకో" అనేవాడు. అందుకే కవితలూ కథలూ రాసుకుంటున్నా. ఇక్కడ కూడా అదే అంకె పట్టుకుని నిలబెడితే ఎట్లా?

తిత్తి_మనిషి:
నేను నిన్ను ఎక్కడ నిలబెట్టానక్కా? ఆయన చేసింది నా నెత్తిన వేస్తావేంది?

కావలి_కలం:
మరి నీ అసలు బాధ ఏంది? జింకు కరిగితే నీకు పోయేదేంది? సూటిగా చెప్పు.

రంగనాయకులపేట:
పాప్‌కార్న్ ఎవరికన్నా కావాలా.

తిత్తి_మనిషి:
చెప్తా. నాలుగో భాగం మళ్లీ తీసి చదువు. రాత్రంతా తిత్తి ఊదింది కమ్మరి. కత్తి కొట్టింది కమ్మరి. తెల్లారి రాజకుమారి వచ్చి వేలు కోసుకుని రెండు చుక్కలు రక్తం వేసింది, కత్తి పలికింది, జనం ఆమెకు దండం పెట్టారు. కమ్మరికి పేరు కూడా లేదు నీ కథలో. "ముసలి కమ్మరి" అంతే.

మా నాన్న కందుకూరు పక్క పల్లెలో కమ్మరి. రాళ్లు కొట్టేవాళ్లు ఉలులు తెచ్చి పడేసేవాళ్లు. ఉలి ఎర్రగా కాల్చి మొన మాత్రం నీళ్లలో ముంచి తీస్తాడు. తీసి, మొనను ఇసుకరాయి మీద నాలుగు రుద్దులు రుద్దుతాడు, తెల్లగా మెరుస్తుంది. అప్పుడు వెనక భాగంలో మిగిలిన వేడి మొనకేసి పాకుతూ వస్తుంది, దాంతోపాటే రంగులు నడుస్తాయి. లేత పసుపు, గోధుమ, ఊదా, నీలం. పసుపులో ఆపితే రాయి మీద మొన చిట్లుతుంది. నీలం దాటితే వంగుతుంది. రెంటికీ మధ్య, ఊదా తిరిగే ముందు మొత్తం ముంచాలి. రెప్ప వేస్తే పోయింది. నేను మెటలర్జీ డిప్లొమా చదివి, ఆ పసుపు 220 డిగ్రీల పైన అని, నీలం 300 దగ్గర అని నేర్చుకున్నా. ఆయనకు థర్మామీటరు లేదు, కొలిమి చుట్టూ కావాలనే చీకటి చేసుకునేవాడు.

ఇప్పుడు నేను హీట్ ట్రీట్‌మెంట్ షాపులో, అంటే ఉక్కు సామాన్లు కాల్చి నూనెలో ముంచి గట్టిపరిచే చోట, పని చేస్తా. ఒకసారి గేర్లు వరసగా పగుళ్లతో వచ్చాయి. పాత ఆపరేటరు ఒకాయన "నూనెలో నీళ్లు చేరాయి, ముంచేటప్పుడు చప్పుడు మారింది" అన్నాడు. నవ్వారు. తర్వాత నూనె పరీక్షకు పంపితే నీళ్లే. రిపోర్టు మీద ఎవరి పేరు ఉంటుందో నీకు తెలుసు. అందుకే చెప్తున్నా, లోహంలో శక్తి ఉంటే అది చేసినోడి కంట్లో, చెవిలో ఉంది. నువ్వు దాన్ని తీసి పుట్టుకకు ఇచ్చేశావు.

గూడూరు_మాస్టారు:
సందర్భం వచ్చింది కాబట్టి చెప్తున్నా. మన దేశపు మూస ఉక్కును లండన్‌లో పరీక్షించి 1819లో వ్యాసం రాసిన మైకేల్ ఫారడే కూడా కమ్మరి కొడుకే. ఆ ఉక్కు గొప్పదనం అందులోని అల్యూమినా వల్ల అనుకున్నాడు, అది సరి కాదని తర్వాత తేలింది.

తిత్తి_మనిషి:
ఫారడే పేరు మీకు తెలుసు మాస్టారూ. ఆ ఉక్కు ముద్ద చేసిన కమ్మరి పేరు చెప్పండి.

షార్_పక్కోడు:
ఆ ఉక్కు కత్తుల మీద నీళ్ల అలల్లాంటి చారలకు కారణం రాయిలో అణుమాత్రం ఉన్న వనేడియం లాంటివని ఈమధ్య పరిశోధకులు చూపించారు. ఆ రాయి దొరకడం ఆగిపోతే చేసేవాడి చేయి అదే అయినా చారలు రావు. కాబట్టి మొత్తం చేతిలోనే ఉందనడం కూడా కరెక్టు కాదన్నా.

తిత్తి_మనిషి:
చేతిలో లేకపోతే రాయిలో ఉంది. రాజు రక్తంలో ఎట్టా వచ్చింది?

కావలి_కలం:
ఇప్పుడన్నా అసలు మాట బయటపడింది, సంతోషం. నా జవాబు విను. నేర్చుకుంటే వచ్చేది పని అవుతుంది, మాయ ఎట్లా అవుతుంది? మీ నాన్న రంగు చూసి ఉలి ముంచడం గొప్ప విద్యే, కాదనను. దానికి మాయ అని పేరు పెడితే ఆయన పడ్డ కష్టం కనపడకుండా పోతుంది, పుట్టుకతో వచ్చిందిలే అంటారు. ఆ అమ్మాయికి వచ్చింది కష్టపడకుండా వచ్చింది, అడగకుండా వచ్చింది. అందుకే దాన్ని చూసి భయపడుతుంది, తండ్రిని వదిలి వచ్చింది కూడా అందుకే. ఎవరూ అడగలేదంటినే, అది ఇది. దాన్ని మంచిదని నేనెక్కడ రాశాను?

తిత్తి_మనిషి:
జనం దండం పెట్టారని రాశావు.

కావలి_కలం:
జనం పెడతారు. పెట్టరా?

తిత్తి_మనిషి:
మంది ఎంతమంది కొలిమి దగ్గర కూర్చున్నా ఆ రంగు అందరికీ దొరకదు. నాకే దొరకలా, ఆయన కొడుకును. అది ఎవరికి వస్తుందో ఎవరికి రాదో ఇంతవరకు ఎవరూ చెప్పలేదు. నేను మాయ అనేది దాన్నే. నువ్వేమో మాయ వేరు, పని వేరు అంటావు. ఇక్కడ మనకు కుదరదు.

కావలి_కలం:
కుదరకపోతే పోనీ. కమ్మరికి పేరు మాత్రం పెట్టను. ఆమె అతని పేరు అడగకుండా కత్తి తీసుకుపోయింది, అడగనందుకు ఏమవుతుందో ఏడో భాగంలో ఉంది, అప్పుడు వచ్చి తిట్టు.

నవాబుపేట_వెల్డర్:
జ్వరం సంగతి ఏం చేశావక్కా?

కావలి_కలం:
జ్వరం తీసుకుంటున్నా. ఆరో భాగంలో వస్తుంది.

చావడి_పెద్ద:
జరీలో రాగి మీద వచ్చిన కామెంట్లను "మగ్గం కబుర్లు"లోకి మార్చాను. మిగతావాళ్లు కథ గురించే మాట్లాడండి.

జరీ_అంచు:
మాదే మార్చారు చూడండి. రాకెట్టు మాట్లాడితే ఎవరూ మార్చలేదు.