ఇంట్లో కట్టిన కిట్ కారు ఛాసిస్‌లో పగులు: వెల్డింగ్‌తో నింపాలా, ట్యూబు మార్చాలా?

ప్రశ్న (కోవెంట్రీ, ఇంగ్లండ్)

అందరికీ నమస్కారం. లోటస్ సెవెన్ అనే చిన్న బ్రిటిష్ స్పోర్ట్స్ కారు ఆకారంలో ఎవరో ఇరవై ఏళ్ల కిందట తమ ఇంటి గ్యారేజీలో కట్టుకున్న కిట్ కారును నేను నిరుడు కొన్నాను. ఛాసిస్ మొత్తం 25 మి.మీ. చదరపు ఉక్కు ట్యూబులతో అల్లినది, ట్యూబు గోడ మందం 1.6 మి.మీ. పోయిన వారం ఎడమవైపు ముందు చక్రం విప్పి, కింది విష్‌బోన్ (చక్రాన్ని ఛాసిస్‌కు కలిపే సస్పెన్షన్ చేయి) వెనుక బ్రాకెట్ చుట్టూ పేరుకున్న మట్టిని తోముతుండగా, నల్లటి పౌడర్ కోటింగ్ మీద వెంట్రుక మందాన ఎర్రటి తుప్పు గీత కనిపించింది. కోటింగ్ గీకి చూస్తే వెల్డింగ్ అంచు వెంబడే సుమారు 18 మి.మీ. పొడవున ట్యూబు పగిలి ఉంది. సీటు కింద అల్యూమినియం ఫ్లోరును బిగించిన రివెట్ల వరుస పొడవునా తెల్లటి పొడి, దాని పక్కనే తుప్పు ఉన్నాయి. గతుకుల రోడ్డు మీద ముందు అద్దం చట్రం వణకడం నాకు మొదటి నుంచీ తెలుసు గానీ, ఈ కార్లన్నీ అంతేనేమో అనుకున్నాను. పగులును వెల్డింగ్‌తో నింపితే సరిపోతుందా? లేక ఆ ట్యూబు స్థానంలో 2 మి.మీ. మందం ఉన్నది వేయాలా?

జవాబు (బ్రిస్టల్, ఇంగ్లండ్)

ముందుగా, మరమ్మతు పూర్తయ్యే వరకు దయచేసి ఆ కారును రోడ్డు మీదికి తీయకండి. బ్రేకు వేసినప్పుడు పుట్టే బలంలో పెద్ద భాగం కింది విష్‌బోన్ బ్రాకెట్ల మీదే పడుతుంది.

మీ పగులుకు కారణం వెల్డింగ్ చేసినవారి పనితనం కాకపోవచ్చు. బ్రాకెట్‌ను ట్యూబు గోడ నడిమధ్యన అతికిస్తే, పలుచని ఆ గోడ బ్రేకు వేసిన ప్రతిసారీ నూనె డబ్బా అడుగును వేలితో నొక్కినట్టు లోపలికి పోయి మళ్లీ బయటికి వస్తుంది. వెల్డింగ్ ఉన్న చోట అది బిగుసుకుని, పక్కనే వంగుతుంది గనుక, వేల సార్లు ఇలా జరిగాక సరిగ్గా ఆ అంచునే లోహం అలసి పగులుతుంది. పగులును నింపి ఊరుకుంటే కొత్త వెల్డింగ్ అంచున మరో పగులు మొదలవుతుంది. కాబట్టి దెబ్బతిన్న ముక్కను కోసి కొత్తది వేయండి. బ్రాకెట్‌ను నేరుగా దాని మీద కాకుండా, ట్యూబును మూడు వైపులా పట్టుకునే 3 మి.మీ. పట్టీ మీద అతికించండి. అప్పుడు బలం పక్క గోడలకు చేరుతుంది.

మందం సంగతికి వస్తే, లెక్క వేసి చూడండి. 25 మి.మీ. ట్యూబు గోడను 1.6 నుంచి 2 మి.మీ.కి పెంచితే బరువు 23 శాతం పెరుగుతుంది, వంగకుండా నిలిచే గట్టిదనం మాత్రం 19 శాతమే పెరుగుతుంది. అదే బరువులో 30 మి.మీ. ట్యూబును 1.6 మందంతో వాడితే గట్టిదనం దాదాపు 79 శాతం పెరుగుతుంది. అయితే మీ కారులో లోపం ట్యూబులో లేదని, అమరికలో ఉందని నా అభిప్రాయం. నాలుగు కర్రలతో కట్టిన గేటు ఏటవాలు బద్ద కొట్టేంత వరకు ఒక పక్కకు వాలిపోతూనే ఉంటుంది. ఈ కార్లలో ఇంజన్ దించడానికి పైభాగం తెరిచి ఉంచుతారు, ట్రాన్స్‌మిషన్ టన్నెల్ (సీట్ల మధ్య గేరు పెట్టె, షాఫ్టు పోయే గూడు) పైభాగంలో కూడా ఏటవాలు ట్యూబు ఉండదు. అద్దం చట్రం వణుకు అక్కడి నుంచే వస్తోంది.

జవాబు (ఆటోనగర్, విజయవాడ)

నేను కిట్ కారు మీద ఎన్నడూ పని చేయలేదు గానీ, లారీ ఛాసిస్‌ల మరమ్మతులో చాలా ఏళ్లుగా ఉన్నాను. పై మిత్రులు చెప్పినది సరైనదే, దానికి రెండు సంగతులు చేరుస్తాను.

కొత్త ముక్కను పాత ట్యూబుకు అంచుకు అంచు ఆనించి వెల్డింగ్ చేసి వదిలేయకండి. లోపల సరిగ్గా పట్టే చిన్న ట్యూబును రెండు వైపులకూ దూర్చి, బయటి గోడకు రంధ్రాలు వేసి, వాటి గుండా లోపలి ట్యూబుకు వెల్డింగ్ పట్టించి, ఆ తరువాత అతుకు చుట్టూ పూర్తిగా వెల్డింగ్ చేయండి. పైన పట్టీ వేయవలసి వస్తే దాన్ని నలుచదరంగా కోయవద్దు, శంకరపాళీ ఆకారంలో కోయండి. చదరపు పట్టీ అంచు ట్యూబుకు అడ్డంగా పడుతుంది, అడ్డంగా పడిన వెల్డింగ్ గీత దగ్గర ట్యూబు ఒక్కసారిగా బలహీనమవుతుంది. లారీ ఫ్రేము పై అంచు, కింది అంచుల మీద అడ్డ వెల్డింగ్ వేయనివ్వకపోవడానికి కారణం కూడా ఇదే.

రెండవది, కోయడానికి ముందే ఛాసిస్‌ను చదునుగా నిలిపి, మూలల మధ్య కొలతలు తీసి రాసుకోండి. అన్ని చోట్లా ముందు ట్యాకింగ్ (చిన్న చిన్న వెల్డింగ్ చుక్కలు) వేసి, మళ్లీ కొలిచి, అప్పుడు ఒకసారి ఇటు, ఒకసారి అటు అంగుళం చొప్పున వెల్డింగ్ చేయండి. ఒకే వైపు వరుసగా లాగితే వేడికి ఫ్రేము అటే గుంజుకుపోతుంది. పెట్రోలు ట్యాంకు దించడం, బ్యాటరీని, ఆల్టర్నేటర్‌ను విడదీయడం మరువకండి.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. పగుళ్లను చూపే ఎర్ర ద్రవం పూసి, తుడిచి, తెల్ల పౌడరు చల్లి చూస్తే కుడివైపు బ్రాకెట్ దగ్గర కూడా 6 మి.మీ. పగులు బయటపడింది. ఎడమవైపు ఒక్కదాన్నే బాగుచేసి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటేనే భయం వేసింది. ఫ్లోరు అల్యూమినియం అలాగే ఉంచవచ్చా?

జవాబు (బ్రిస్టల్)

తీసేయండి. అల్యూమినియం, ఉక్కు తడిలో ఆనుకుని ఉంటే అల్యూమినియం తినుకుపోతుంది, మీరు చూసిన తెల్లటి పొడి అదే. రివెట్ రంధ్రాల గుండా దిగిన నీరు ట్యూబు లోపలే నిలిచి ఉక్కునూ తుప్పు పట్టిస్తుంది. సుత్తితో తట్టుతూ పోయి, ధ్వని బొంగురుగా మారిన చోట గుర్తు పెట్టుకోండి. సస్పెన్షన్, సీటు బెల్టు బిగింపులకు 30 సెం.మీ. దూరంలోపు తుప్పు వల్ల ఛాసిస్ బలహీనపడి ఉంటే ఎంఓటీ పరీక్షలో (బ్రిటన్‌లో కార్లకు ఏటా చేసే తప్పనిసరి భద్రతా తనిఖీలో) కారు నెగ్గదు. కొత్త ఫ్లోరుగా 1.2 మి.మీ. ఉక్కు రేకు వెల్డింగ్ చేస్తే కొంత బరువు పెరిగినా, ఛాసిస్ మెలిపడకుండా అది బాగా ఆపుతుంది. పని ముగిశాక ట్యూబుల లోపలికి వ్యాక్స్ కొట్టండి.

ప్రశ్న అడిగినవారు (ఏడు వారాల తరువాత)

పని పూర్తయింది. మొదలుపెట్టే ముందు షాక్ అబ్జార్బర్ల స్థానంలో ఇనుప కడ్డీలు బిగించి, వెనుక భాగాన్ని కదలకుండా కట్టి, ముందు భాగానికి అడ్డంగా దూలం వేసి, మధ్య నుంచి మీటరు దూరంలో 50 కిలోలు వేలాడదీశాను. 600 మి.మీ. ఎడంగా పెట్టిన రెండు డయల్ గేజ్‌ల (సూక్ష్మమైన కదలికను కొలిచే పరికరాల) మధ్య తేడా 4.2 మి.మీ. వచ్చింది. అంటే ఒక డిగ్రీ మెలికకు సుమారు 1,225 న్యూటన్ మీటర్లు. రెండు బ్రాకెట్లకూ మూడు వైపుల పట్టీలు వేసి, ఉక్కు ఫ్లోరు, టన్నెల్ పైన ఏటవాలు ట్యూబులు, ఇంజన్ పైన ఒక ఏటవాలు ట్యూబు చేర్చాక అదే బరువుకు తేడా 3 మి.మీ.కి తగ్గింది. ఇంజన్ పైన ఉన్నదాన్ని మాత్రం వెల్డింగ్ చేయలేదు. అది ఉంటే ఇంజన్ బయటికి రాదు. బోల్టులతో బిగించాను, మొదటిసారి రంధ్రాలు అర మిల్లీమీటరు వదులుగా ఉండటంతో గేజ్‌లో ఏ మార్పూ కనిపించలేదు. వాటిని పూడ్చి, రీమర్‌తో (రంధ్రాన్ని కచ్చితమైన కొలతకు చెక్కే పనిముట్టుతో) బోల్టుకు సరిగ్గా సరిపోయేలా మళ్లీ చేశాకే ఆ 3 మి.మీ. వచ్చింది.